ఆపద్ధర్మము నిత్యధర్మమైనచో

2025 జనవరి 5వ తేదీన విజయవాడ సమీపమున కేసరపల్లిలో విశ్వహిందూ పరిషత్తు ఆధ్వర్యమున "హైందవ శంఖారావము" జరిగినది. ఆలయములను ప్రభుత్వాధీనము నుండి విడిపించవలెననునది ఆ సభ యొక్క ప్రధానమైన కోరిక. నాటి నుండి ఈ విషయము వార్తాప్రసారముల చర్చలలోను, రాజకీయోపన్యాసములలోను మరల మరల వినవచ్చుచున్నది. ఒక పక్షమువారు దీనిని విముక్తి యందురు. మరియొక పక్షమువారు దోపిడికి ద్వారములు తెరచుట యందురు. ఉభయులును కంఠము పెంచుచున్నారే కాని, వివాదమునకు మూలమైన ప్రశ్నను అడుగుటలేదు. దేవుని సొత్తునకు స్వామి ఎవరు? స్వామి కానివాడు ఆ సొత్తును ఏ హేతువుచేత, ఎంతకాలము పట్టుకొనియుండవచ్చును?

ఈ ప్రశ్న నేటి రాజకీయము పుట్టించినది కాదు. దేవతను ఉద్దేశించి ద్రవ్యమును త్యజించుటయే యాగమని మీమాంసకుల నిర్వచనము. దానమునందైతే ఇచ్చువాని స్వత్వము తొలగి, పుచ్చుకొనువానికి స్వత్వము కలుగును. మరి ఆలయమునకిచ్చిన భూమికి, బంగారమునకు స్వామి ఎవరు? శబరస్వామి తన భాష్యమున నవమాధ్యాయములో ఈ విచారమును ఎత్తుకొనెను. ఒక వస్తువును తన ఇచ్ఛానుసారము వినియోగించువాడే దానికి ముఖ్యార్థమున స్వామి. దేవత అట్లు వినియోగించుట కనబడదు. కావున దేవుని గ్రామము, దేవుని క్షేత్రము అను వ్యవహారము ఉపచారమాత్రమని ఆయన నిర్ణయము. ఆగమికులు దీనిని అంగీకరింపరు. అర్చామూర్తియందు భగవంతుడు సాక్షాత్తుగా సన్నిహితుడై అర్పితమును స్వీకరించునని వారి సిద్ధాంతము. ఆధునిక న్యాయస్థానముల మార్గము ఫలితమున ఆగమికులకు సమీపముగా ఉన్నది. విగ్రహమూర్తిని న్యాయదృష్ట్యా వ్యక్తిగా 1925లో ప్రీవీ కౌన్సిల్ పరిగణించినది. 2019 నాటి అయోధ్య తీర్పులో శ్రీరామలల్లా విరాజమానునకు అట్టి వ్యక్తిత్వమే లభించినది.

మీమాంసకునకు, ఆగమికునకు మధ్య ఎంత భేదమున్నను ఒక విషయమున భేదము లేదు. త్యజింపబడిన ద్రవ్యము దాతకు తిరిగి రాదు, రాజునకు సంక్రమింపదు. దేవత స్వామిని కాదన్న శబరస్వామి సైతము "అట్లైనచో రాజు స్వామి" అనలేదు. దేవస్వమును లోభముచేత హరించినవాడు పరలోకమున రాబందుల ఎంగిలితో జీవించునని మనుస్మృతి హెచ్చరించినది. తెలుగుదేశమున రాజులు, సామంతులు వేయించిన ఆలయశాసనములను చూచినచో, దానము చేసిన రాజే చివర శాపవాక్యమును చెక్కించుట కనబడును. ఇతరులిచ్చిన దానిని హరించినవానికి మాత్రమే కాదు, తానిచ్చిన దానిని తానే తిరిగి తీసికొన్నవానికి కూడ ఆ శాపము వర్తించును. దాత తన వంశమును, తన సింహాసనమును ఉద్దేశించియే ఆ వాక్యమును చెక్కించెను. రాజు రక్షకుడే కాని స్వామి కాడను సిద్ధాంతము రాతిపై అట్లు నిలిచియున్నది.

ఇచట పూర్వపక్షి కౌటిల్యుని ముందునకు తెచ్చును. అర్థశాస్త్రమున దేవతాధ్యక్షుడను అధికారి ఉన్నాడు గదా, ఆలయధనమును రాజకోశమునకు చేర్చు విధానము చెప్పబడినది గదా, ప్రాచీనకాలము నుండియు ఆలయములు రాజాధీనములే గదా యని వాదించును. ఆ మాట ఉన్న స్థానమును చూడవలెను. అది పంచమాధికరణమున, కోశాభిసంహరణ ప్రకరణమున ఉన్నది. కోశము క్షీణించి, రాజ్యము సంకటమున పడినప్పుడు రాజు అవలంబింపదగిన ఉపాయములను చెప్పు ప్రకరణమది. అది ఆపద్ధర్మము. ఆపద్ధర్మమునకు రెండు లక్షణములు గలవు: ఆపద యుండవలెను, ఆపద తీరినంతనే ఆ ధర్మము నిలిచిపోవలెను. కరవుకాలమున నిషిద్ధాన్నము తిన్న ఋషి కరవు తీరిన పిదప దానిని నిత్యాహారముగా చేసికొనలేదు. కౌటిల్యుని సాక్ష్యమునకు పిలుచువారు ఆయన సాక్ష్యమును పూర్తిగా వినవలెను.

నేటి వ్యవస్థ ఎట్లు పుట్టినదో చూచినచో, ఆపద్ధర్మము నిత్యధర్మముగా మారిన క్రమము స్పష్టమగును. 1817 నాటి మద్రాసు రెగ్యులేషనుతో ఈస్టిండియా కంపెనీ ఆలయముల పర్యవేక్షణను రెవెన్యూ బోర్డునకు అప్పగించినది. ఆ పిదప క్రైస్తవ మిషనరీల ఒత్తిడివలన కంపెనీ ప్రభుత్వము వెనుకకు తగ్గినది. 1843లో తిరుమల ఆలయ నిర్వహణము హాథీరాంజీ మఠము మహంతుల చేతికి వెళ్లినది. 1863 నాటి చట్టముతో బ్రిటిషు ప్రభుత్వము ఆలయనిర్వహణము నుండి తొలగి, దానిని ధర్మకర్తలకు, స్థానిక సంఘములకు విడిచిపెట్టినది. "ఆంగ్లేయులు మన ఆలయములను పట్టుకొనిపోయిరి" అని వేదికలపై వినబడు మాట అర్ధసత్యమే. వారు పట్టుకొన్నమాట నిజము, విడిచినమాటయు నిజము. తిరిగి పట్టుకొన్నవారు స్వదేశీయులే. పానగల్లు రాజావారి నాయకత్వమున జస్టిస్ పార్టీ ప్రభుత్వము మద్రాసు శాసనమండలిలో హిందూ ధర్మాదాయ చట్టమును ఆమోదింపజేసినది. అది 1925లో అమలునకు వచ్చినది. దాని సాధుత్వము ప్రశ్నింపబడగా 1927లో క్రొత్త చట్టముగా మరల వెలువడినది. 1933లో తిరుమల నిర్వహణము మహంతుల నుండి దేవస్థాన కమిటీకి మారినది. స్వాతంత్ర్యానంతరము 1951లో మద్రాసున, 1966లో ఆంధ్రప్రదేశమున, తిరిగి 1987లో ఆంధ్రప్రదేశమున చట్టములు వచ్చినవి. ప్రతి చట్టమునకు చెప్పిన కారణమొకటే: నిర్వహణలో అక్రమములు జరుగుచున్నవి, వానిని చక్కదిద్దవలెను.

ఆ కారణము అసత్యము కాదు. ధర్మకర్తలు దేవుని భూములను బంధువులకు వ్రాసియిచ్చిన ఘట్టములు, ఉత్సవము పేర అప్పులు చేసి ఆభరణములను తాకట్టు పెట్టిన ఘట్టములు నాటి వ్యాజ్యములలో ఉన్నవి. మహంతుల పాలనపై వచ్చిన వివాదములు ప్రీవీ కౌన్సిల్ వరకు వెళ్లినవి. రోగము నిజము, చికిత్సయు అవసరమే. కాని వైద్యుడు రోగి ఇంటనే స్థిరనివాసమేర్పరచుకొని, రోగి భూమిని కౌలునకిచ్చి, రోగి వంటవానిని తానే నియమించి, నూరేండ్లు గడచినను "ఇంకను చికిత్స జరుగుచున్నది" అనినచో దానిని చికిత్స యనవచ్చునా?

అదే 1925వ సంవత్సరమున పంజాబున మరియొక చట్టము వచ్చినది. అది సిక్కు గురుద్వారాల చట్టము. అచట కూడ మహంతుల అక్రమములే మూలము. 1921లో నన్కానా సాహిబున రక్తపాతము జరిగినది. అకాలీలు వేలసంఖ్యలో కారాగారములకు వెళ్లిరి. ఫలితముగా గురుద్వారాల నిర్వహణము సిక్కులే ఎన్నుకొను సమితికి చేరినది. ఒకే దేశమున, ఒకే పాలకుని క్రింద, ఒకే సంవత్సరమున, ఒకే విధమైన రోగమునకు రెండు చికిత్సలు జరిగినవి. పంజాబున భక్తసమాజము చేతికి అధికారము వచ్చినది. మద్రాసున ప్రభుత్వము నియమించిన బోర్డు చేతికి వెళ్లినది. ఈ భేదమునకు కారణము పరమతద్వేషమని అరచుట సులభము. యథార్థమేమనగా, అచట సమాజము తన ఆలయములకై సంఘటితమైనది. ఇచట సమాజము మంత్రివర్గమునకు అప్పగించి ఇంటికి వెళ్లినది. నేటి విముక్తివాదులు మొదట నేర్వవలసిన పాఠమిది.

ప్రభుత్వ నియంత్రణమునకు ఆధారమైన తర్కము మరియొకటి కలదు. రాజ్యాంగపు 25వ అధికరణము మతాచరణముతో ముడిపడిన ఆర్థిక, లౌకిక వ్యవహారములను నియంత్రించు అధికారమును ప్రభుత్వమునకిచ్చినది. 1987 చట్టము అర్చకుల మిరాశీ హక్కులను రద్దుచేసినది. దానిని సమర్థించుచు 1996లో సుప్రీంకోర్టు అర్చన మతకార్యమే యైనను అర్చకుని నియామకము లౌకికకార్యమని తీర్పు చెప్పినది. 2007లో శాసనసభ సవరణ చేసి అర్చక కుటుంబముల హక్కును కొంతవరకు తిరిగి గుర్తించినది. ఆంధ్రప్రదేశమున దానిని అమలుచేయు ఉత్తర్వులు 2019లో గాని రాలేదు. ఇచట హక్కుకన్న పెద్దది ఈ విభజన. మీమాంసాపరిభాషలో చెప్పినచో అర్చన ప్రధానము. అర్చకుడు, పాకశాల, తులసి, దీపతైలము, కాలనియమము అంగములు. అంగమునకు స్వతంత్రమైన ప్రయోజనము లేదు, ప్రధానము కొరకే దాని ఉనికి. ప్రధానము భక్తులది, అంగములు ప్రభుత్వమువి యనుట అంగాంగిభావము తెలియని మాట.

ఈ దోషమెట్టిదో తిరుమల నెయ్యి వివాదము లోకమునకు చూపినది. 2024 సెప్టెంబరులో లడ్డూ ప్రసాదపు నెయ్యి విషయమై ముఖ్యమంత్రి తీవ్రమైన ఆరోపణ చేసిరి; ప్రతిపక్షమువారు దానిని ఖండించిరి. దేవుళ్లను రాజకీయములకు దూరముగా ఉంచవలెనని సుప్రీంకోర్టు హితవు చెప్పి, అక్టోబరులో ప్రత్యేక దర్యాప్తు బృందమును నియమించినది. ఎవరి మాట నిజమో తేల్చుట న్యాయస్థానముల పని. ఇచట విచారింపవలసినది వేరు. తిరుమలలో పోటు అనునది వంటశాల మాత్రము కాదు. స్వామి నైవేద్యము సిద్ధమగు స్థానము. దిట్టము అను పరిమాణ నిర్ణయము ననుసరించి అచట ద్రవ్యములు చేరును. ఆ నెయ్యి టెండరు కాగితముపై ఉన్నంతవరకు లౌకిక వస్తువు, ధర తక్కువైనచో చాలును. వివాదము వచ్చిన మరుక్షణమే అది కోట్లమంది భక్తుల విశ్వాసము, పరమపవిత్రము. కొనునప్పుడు లౌకికము, ఎన్నికలకు ఉపయోగించునప్పుడు అలౌకికము! ఒకే ఘృతమునకు ఇట్టి ద్వైవిధ్యము ఏ దర్శనమునను లేదు. నైవేద్యమునకు ఉద్దేశింపబడిన క్షణము నుండియే అది దేవతార్థద్రవ్యము. దాని పరీక్ష, దాని కొనుగోలు, దాని నిలువ, ఇవన్నియు శౌచమున భాగములు. శౌచమును ఎరిగినవారికి మాట చెల్లని చోట శౌచలోపము కలుగుటలో ఆశ్చర్యమేమున్నది?

ఇక ఆక్షేపములను చూడవలెను. ప్రభుత్వము తొలగినచో అక్రమములు పెరుగునని మొదటి ఆక్షేపము. ప్రభుత్వము నిలిచినచోట అవి ఆగినవా? శబరిమలలో ఆలయనిర్వహణము చట్టబద్ధమైన దేవస్వము బోర్డుది. అచటనే ద్వారపాలక మూర్తుల స్వర్ణకవచముల విషయమై 2025లో కేరళ హైకోర్టు ప్రత్యేక దర్యాప్తునకు ఆదేశింపవలసివచ్చినది. చౌర్యమునకు మందు లెక్కల పరీక్ష, స్వామ్యహరణము కాదు.

భక్తుల ప్రాణరక్షణము రెండవ ఆక్షేపము. 2025 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో తొక్కిసలాట జరిగి భక్తులు మరణించిరి. అది ప్రైవేటు నిర్వహణలోని ఆలయము. ఈ మాటను దాచుట ధర్మము కాదు. అదే సంవత్సరము జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనపు టోకెన్ల కొరకు వచ్చిన ఆరుగురు, ఏప్రిల్ 30న సింహాచల చందనోత్సవమున గోడ కూలి ఏడుగురు మరణించిరి. అవి ప్రభుత్వ నిర్వహణలోని ఆలయములు. జనసమ్మర్దమును అదుపుచేయుట, కట్టడముల దృఢత్వమును పరీక్షించుట రాజధర్మము. సినిమాశాలకైనను, క్రీడామైదానమునకైనను, ఆలయమునకైనను అది సమానము. క్రీడామైదానమున తొక్కిసలాట జరిగినచో ప్రభుత్వము దాని ఆదాయమును తన శాఖలో కలుపుకొనదు గదా.

మూడవది గంభీరమైన ఆక్షేపము. ఆలయములు భక్తసమాజము చేతికి వచ్చినచో నాటి అస్పృశ్యత, నాటి ప్రవేశనిషేధము మరల రావాయని అనేకులు భయపడుచున్నారు. వారి భయము ఊహాజనితము కాదు, అనుభవజనితము. దానికి రెండు సమాధానములు గలవు. హిందూ ఆలయములను సమస్త హిందువులకు తెరచు అధికారము రాజ్యాంగమున వేరుగా, 25వ అధికరణమునందే ఉన్నది. దానికి ఆలయపు తాళములు ప్రభుత్వము చేతిలో ఉండనవసరము లేదు. రెండవ సమాధానము ఆచరణలోనిది. చిలుకూరు బాలాజీ ఆలయము ప్రభుత్వాధీనమున లేదు. అచట హుండీయు లేదు. 2018లో ఆ ఆలయ అర్చకులు హైదరాబాదు జియాగూడ రంగనాథాలయమున ఒక దళిత భక్తుని తమ భుజములపై ఎత్తుకొని గర్భాలయ సన్నిధికి తీసికొనిపోయిరి. తిరుప్పాణాళ్వారుల కథను స్మరింపజేయు మునివాహన సేవ యది. ఏ ఉత్తర్వు చెప్పినందున వారట్లు చేసిరి? సంప్రదాయము తన లోపలి నుండి తానే శుద్ధి పొందగలదనుటకు ఇది నిదర్శనము. దళిత భక్తుని సమానముగా చూడని ఆలయము ప్రభుత్వము చేతిలో ఉన్నను, సమాజము చేతిలో ఉన్నను బంధనములోనే ఉన్నది.

విముక్తివాదుల పక్షమున కూడ దోషమున్నది. దానిని చెప్పక విడుచుట పక్షపాతమగును. 2025 ఫిబ్రవరిలో ఆ చిలుకూరు ప్రధాన అర్చకులపైననే, రామరాజ్యము పేరు చెప్పుకొనిన ఒక గుంపు ఇంటికి వచ్చి దాడి చేయగా పోలీసులు అరెస్టులు చేసిరి. ధర్మరక్షణము పేర అర్చకునిపై చేయి లేచిన దినమున, ఆ చేతికి ఆలయపు తాళములు అప్పగింపదగునా యని ఎవరైనను అడిగినచో వారిపై కోపపడ పనిలేదు. ఇక రాజకీయపక్షములు. ప్రతిపక్షమున ఉండగా విముక్తి యనుట, అధికారమున ఉండగా బోర్డు లేర్పరచుట అందరికిని అలవాటే. ఉత్తరాఖండమున 2019లో చార్‌ధామ్ దేవస్థానముల చట్టమును తెచ్చినది భారతీయ జనతా పార్టీ ప్రభుత్వమే. తీర్థపురోహితుల ఆందోళన పిమ్మట 2021లో దానిని ఉపసంహరించుకొన్నదియు అదియే. 2025లో బృందావనపు బాంకే బిహారీ మందిర నిర్వహణమునకై ఆర్డినెన్సు తెచ్చినది ఉత్తరప్రదేశమునందలి అదే పక్షపు ప్రభుత్వము. శంఖము ఊదిన వేదికపై నుండి ఈ రెండింటిని గూర్చి ఎంత శబ్దము వచ్చినదో భక్తులే ఆలోచింపవలెను.

ఈ కోలాహలమునకు దూరముగా వేలకొలది గ్రామాలయములు ఉన్నవి. వానికి హుండీ ఆదాయము లేదు, కావున వానిని విడిపింతుమని వచ్చువారును లేరు. మాన్యములు కొన్ని ఆక్రమణలలో, కొన్ని కౌలు బకాయిలలో చిక్కుకొన్నవి. ధూపదీప నైవేద్య పథకము క్రింద ఇట్టి ఆలయములకు ప్రభుత్వము నెలనెల కొంత మొత్తమిచ్చుచున్నది. తెలంగాణమున 2023లో దానిని 6,000 నుండి 10,000 రూపాయలకు, ఆంధ్రప్రదేశమున 2024లో 5,000 నుండి 10,000 రూపాయలకు పెంచుచు ప్రభుత్వములు నిర్ణయించినవి. ఇది మేలే. అయినను ఆ మొత్తముతోనే స్వామి నైవేద్యము, ఆ మొత్తముతోనే అర్చకుని కుటుంబము జరుగవలెను. ఆ సొమ్ము ఆలసించిన నెలలో అర్చకుడు పట్టణమున వివాహములకు, వ్రతములకు వెళ్లును. గ్రామమున స్వామికి సాయంసంధ్యలో దీపముండదు. ఆగమదృష్ట్యా నిత్యార్చనాలోపము గ్రామమునకంతకు దోషము. అర్చకుని కుమారుడు ఆగమపాఠశాలకు వెళ్లక మరియొక వృత్తికి పోయినచో, ఒక తరము తరువాత ఆ ఆలయము విడుదలైనను తీసికొనువాడుండడు. ఆ పసివాని చదువును గూర్చి శాసనసభలోను ప్రశ్న లేదు, శంఖారావమునను తగినంత వేదన లేదు.

సిద్ధాంతము క్లిష్టమైనది కాదు. సుప్రీంకోర్టు దానిని ఇదివరకే సూచించినది. 1954లో శిరూరు మఠపు వ్యాజ్యమున మతసంప్రదాయముల స్వయంనిర్వహణాధికారమును గుర్తించినది. 2014 జనవరి 6న చిదంబరము నటరాజాలయ వ్యాజ్యమున, అక్రమనిర్వహణమును చక్కదిద్దుటకు ప్రభుత్వము జోక్యము చేసికొనవచ్చును గాని, ఆ జోక్యము పరిమితకాలమునకే యని, దోషము తొలగిన పిదప నిర్వహణమును తిరిగి అప్పగింపవలెనని చెప్పినది. ఇది కౌటిల్యుని ఆపద్ధర్మ సిద్ధాంతమే న్యాయభాషలో. దీనిని ప్రతి ఆలయమునకు అన్వయించిన చాలును. ప్రభుత్వము ఏ ఆలయమున ప్రవేశించినను ఏ దోషమును తొలగించుటకు ప్రవేశించినదో వ్రాతపూర్వకముగా చెప్పవలెను, ఎన్ని సంవత్సరములకో చెప్పవలెను, గడువు తీరగనే లెక్కలు ఒప్పగించి తొలగవలెను. ఆలయాదాయము, దేవాదాయ శాఖ తీసికొను వాటా, సర్వశ్రేయోనిధికి వెళ్లు సొమ్ము ప్రతి సంవత్సరము ఆలయద్వారమునందే తెలుగులో వ్రాసి కట్టవలెను.

సమాజము వహింపవలసిన భారము ఇంతకన్న పెద్దది. తన గ్రామాలయపు అర్చకుని పేరు తెలియనివాడు తిరుమల స్వాతంత్ర్యమును గూర్చి వాదించుట తగదు. ప్రతి గ్రామమున అన్ని వర్ణముల, అన్ని కులముల భక్తులు, స్త్రీలతో సహా, ఒక సంఘముగా ఏర్పడి తమ ఆలయపు భూములెన్ని, అవి ఎవరి చేతిలో ఉన్నవి, కౌలు ఎంత, నిత్యనైవేద్యమునకు ఎన్ని బియ్యము కావలెను అను నాలుగు లెక్కలు వ్రాసికొనవలెను. ఒక బాలుని ఆగమవిద్యకు పంపి పోషింపవలెను. 1925లో పంజాబు సమాజము చేసినదీ, తెలుగు సమాజము చేయనిదీ ఈ సిద్ధతయే. సిద్ధత లేని విముక్తి స్వామిని ఒక చేతి నుండి మరియొక చేతికి మార్చును, అంతియే.

ఓట్లకై వచ్చు ప్రతి నాయకుని, అతడు ఏ పక్షమువాడైనను, భక్తులు రెండు ప్రశ్నలు అడుగవలెను. ఈ ఆలయమునకు వచ్చిన ఆపద ఏది? అది ఎన్నడు తీరును? మొదటిదానికి సమాధానము చెప్పలేనివానికి ఆలయమున ప్రవేశించు హేతువు లేదు. రెండవదానికి చెప్పలేనివాడు రక్షకుడుగా వచ్చి స్వామిగా నిలువదలచినవాడు.

స్వస్తి.